టీకా కార్డు తల్లిదండ్రులిద్దరి బాధ్యత

బిడ్డకు పాలు పట్టడం, స్నానం చేయించడం వంటి పనులు కంటికి కనిపిస్తాయి గాని, ఏది ఎప్పుడు చేయాలో గుర్తుంచుకోవడం, ముందుగా ఏర్పాట్లు చేయడం, జరిగిందో లేదో చూసుకోవడం అనే కనిపించని శ్రమ చాలా ఇళ్లలో తల్లి ఒక్కతెమీదే పడుతుంది. ప్రజలు రోజులోని 24 గంటలను ఎలా వెచ్చిస్తారో లెక్కించే భారత ప్రభుత్వ కాల వినియోగ సర్వే ప్రకారం, 2024లో ఇంటివారి సంరక్షణలో పాల్గొన్న స్త్రీలు అందుకు రోజుకు సగటున 137 నిమిషాలు, పురుషులు 75 నిమిషాలు వెచ్చించారు.

టీకాల తేదీలు గుర్తుంచుకోవడం కూడా అటువంటి శ్రమే. శిశు ఆరోగ్యంలో తెలంగాణలోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతానిది తెలుగువారందరూ గర్వించదగిన స్థానం. శామీర్‌పేటకు చేరువలోని జీనోమ్ వ్యాలీ అనే బయోటెక్ పరిశ్రమల ప్రాంతంలో భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసే రోటావాక్, అంటే పసిపిల్లల్లో తీవ్ర విరేచనాలకు కారణమయ్యే రోటావైరస్‌ను అడ్డుకునే చుక్కల టీకా, 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో చేరింది. అటువంటి నేలనుంచి అమెరికాకు వెళ్లిన కుటుంబాల్లో టీకా తేదీలు ఒక్కరికే తెలిసి ఉండటం తగదు.

అమెరికాకు, మేడ్చల్‌కు మధ్య తిరిగే పిల్లల విషయంలో తేదీలను ఒక్కరికే వదిలేసే ఈ అలవాటు నిజమైన చిక్కు తెస్తుంది. భారత జాతీయ పట్టికలో తట్టు, రుబెల్లా టీకా మొదటి డోసు 9 నెలలు నిండగానే వేస్తారు. అమెరికాలో గవదబిళ్లల రక్షణ కూడా కలిసిన ఎంఎంఆర్ టీకాను 12 నుంచి 15 నెలల మధ్య మొదలుపెట్టి, 4 నుంచి 6 ఏళ్ల మధ్య రెండో డోసు వేస్తారు. మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన డోసు అక్కడి రెండు డోసుల లెక్కలోకి రాదు కనుక, భారత్‌లో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర 9 నెలలకు టీకా వేయించుకున్న బిడ్డకు ఆ తరువాత మళ్లీ వేయించవలసి ఉంటుంది. పైగా 05/08 అని రాసిన తేదీ భారత్‌లో ఆగస్టు 5, అమెరికాలో మే 8 అవుతుంది. అందువల్ల కార్డుపై నెలను అక్షరాల్లో రాయించి, దాని నకలు ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోవాలి.

న్యాయమైన పంపకం అంటే తల్లి చెప్పిన పనిని తండ్రి చేసిపెట్టడం కాదు. తేదీ గమనించడం, డాక్టరు దగ్గర సమయం తీసుకోవడం, టీకా వేయించడం, ఆ రాత్రి జ్వరం వస్తే మేలుకొని చూసుకోవడం, కార్డు భద్రపరచడం వరకు మొత్తం బాధ్యతను ఒకరు వహించాలి; కొంతకాలానికి మరొకరు అందుకోవాలి.

తొట్టెల వేడుకను ఖండాంతరాల్లోనూ నిలుపుకొన్న తెలుగు కుటుంబాలు, ఆ తొట్టె ఊపే బాధ్యతను తండ్రులకూ అప్పగించాలి. ఇది చదివే ప్రతి తండ్రీ తన బిడ్డకు వేయించవలసిన తదుపరి టీకా ఏదో, ఎప్పుడో ఈరోజే తెలుసుకోవాలి.