పెద్దల సంరక్షణ ఫ్రాంచైజీ: కొనేది పేరు, వెతుక్కోవలసింది మనుషుల్ని

అమెరికాలో ఫ్రాంచైజీలు ఇప్పించే బ్రోకరు దగ్గరికి వెళ్లి, "చేతిలో కొంత డబ్బుంది, ఉద్యోగం మీద భరోసా లేదు, ఏదైనా వ్యాపారం చూపించండి" అంటే, ముందుగా వినిపించే పేర్లలో వృద్ధుల హోమ్ కేర్ ఒకటి. షాపు అక్కర్లేదు, సరుకు నిల్వ పెట్టనక్కర్లేదు, ముసలితనానికి ఆర్థిక మాంద్యం లేదు అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. 1946 నుంచి 1964 దాకా పుట్టిన బేబీ బూమర్ల తరం 2011లో అరవై ఐదుకు చేరడం మొదలుపెట్టింది. 2026 నుంచి వాళ్లలో పెద్దవాళ్లు ఎనభైలోకి వస్తున్నారు. గిరాకీకి లోటు రాదు. లోటల్లా ఆ గిరాకీ తీర్చే మనుషులకు. బ్రోకరుకు కమీషన్ ఇచ్చేది ఫ్రాంచైజీ కంపెనీయే కనుక ఈ రెండో మాట ఆయన నోట అంత గట్టిగా రాదు.

ముందు ఈ పని ఏమిటో తేల్చుకోవాలి. డాక్టరు రాసిస్తే నర్సో ఫిజియోథెరపిస్టో ఇంటికొచ్చి చేసేది హోమ్ హెల్త్. దానికి వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ డబ్బిస్తుంది. మనం మాట్లాడుకుంటున్నది హోమ్ కేర్: స్నానం చేయించడం, బట్టలు మార్చడం, వంట, మందు వేళ గుర్తుచేయడం, పడిపోకుండా చెయ్యి పట్టుకుని నడిపించడం, మతిమరుపు ముదిరినవాళ్లకు తోడుండటం. ఇంతకే పరిమితమైన సేవకు సాధారణ మెడికేర్ పైసా ఇవ్వదు. చాలా కుటుంబాలకు ఈ సంగతి తల్లో తండ్రో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే రోజున తెలుస్తుంది. ఎక్కువమంది సొంత డబ్బే కడతారు. కొందరికి లాంగ్ టర్మ్ కేర్ బీమా ఉంటుంది, మాజీ సైనికులకు ప్రభుత్వ సాయం ఉంటుంది. పేదవాళ్లకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమా చెల్లిస్తుంది, కానీ దాని రేటు తక్కువ.

ఈ రంగంలో పెద్ద పేరు హోమ్ ఇన్‌స్టెడ్. 1994లో నెబ్రాస్కాలోని ఒమాహాలో పాల్ హోగన్, లోరి హోగన్ దంపతులు మొదలుపెట్టారు. పాల్ అంతకుముందు మెర్రీ మెయిడ్స్ అనే ఇళ్లు శుభ్రంచేసే ఫ్రాంచైజీ సంస్థలో పనిచేశాడు. మనిషిని వేళకు ఇంకొకరి ఇంటికి పంపించి, ఆ పనిని ఊరూరా ఒకే తీరున జరిపించే పద్ధతి అక్కడ చూశాడు. ఇంట్లో బామ్మను కుటుంబమంతా కలిసి చూసుకోవడమూ చూశాడు. తర్వాత కొన్నేళ్లలోనే అదే ఒమాహాలో రైట్ ఎట్ హోమ్, వేరేచోట్ల కంఫర్ట్ కీపర్స్, విజిటింగ్ ఏంజెల్స్ వచ్చాయి. ఇవాళ ఈ పేర్ల వెనుక ఉన్నది స్థాపించినవాళ్లే అనుకోనక్కర్లేదు. హోమ్ ఇన్‌స్టెడ్‌ను 2021లో ఆనర్ అనే టెక్నాలజీ కంపెనీ కొనేసింది. ఫ్రాంచైజీ ఒప్పందం సాధారణంగా పదేళ్లకు రాస్తారు. మీరు సంతకం పెట్టినప్పటి యజమాని అయిదో ఏట ఉంటాడన్న హామీ లేదు.

ఫ్రాంచైజీ రుసుము చాలా బ్రాండ్లలో యాభై వేల డాలర్లకు అటూఇటూ ఉంటుంది. దానికి వచ్చేవి బ్రాండు పేరు, శిక్షణ, సాఫ్ట్‌వేర్, పిన్‌కోడ్ల లెక్కన కొంత ప్రాంతం. ఆ తర్వాత ప్రతి బిల్లులో దాదాపు అయిదు శాతం రాయల్టీ, మరో ఒకటి రెండు శాతం ప్రకటనల నిధి. రాయల్టీ లాభం మీద కాదు, వసూళ్ల మీద. నష్టం వచ్చిన నెలలోనూ కట్టాల్సిందే.

ఒక్క గంట లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే గానీ, నేటి మార్కెట్‌కు మరీ దూరమైనవి కావు. క్లయింట్ దగ్గర గంటకు 35 డాలర్లు తీసుకుంటున్నారు. కేర్‌గివర్‌కు 18 ఇస్తున్నారు. యజమాని వాటా పేరోల్ పన్నులు, నిరుద్యోగ బీమా, పనిలో గాయపడితే ఇచ్చే వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా కలిపి రెండున్నర. ఈ చివరిది ఇక్కడ చిన్న ఖర్చు కాదు. మంచం మీది మనిషిని లేపేటప్పుడు నడుం పట్టేయడం ఈ పనిలో మామూలే. రాయల్టీ, ప్రకటనల నిధి కలిపి మరో రెండున్నర. మిగిలింది 12 డాలర్లు. వారానికి ఇరవై గంటల చొప్పున పదిమంది క్లయింట్లుంటే 200 గంటలు, అంటే 2,400 డాలర్లు. షెడ్యూలింగ్ చూసే మనిషి జీతం, ఆఫీసు అద్దె, బాధ్యతా బీమా, నేర చరిత్ర తనిఖీలు, కొత్తవాళ్ల కోసం ప్రకటనలు, బ్యాంకు వాయిదా అన్నీ అందులోంచే. ఏడాదికి మూడున్నర లక్షలు దాటిన వసూళ్లు, ఓనరు చేతికి దాదాపు సున్నా. వారానికి గంటలు 600 అయ్యాక గానీ ఈ వ్యాపారం వ్యాపారంలా కనిపించదు.

ఇప్పుడు ఒక కేర్‌గివర్ మానేసింది అనుకోండి. ఆమె షిఫ్టులు ఇంకొకామెకు అప్పగిస్తే ఆమె వారం నలభై గంటలు దాటిపోతుంది. దాటిన ప్రతి గంటకూ ఓవర్‌టైం కింద ఒకటిన్నర రెట్లు, అంటే 27 డాలర్లు. పన్నులూ రాయల్టీ తీసేస్తే పన్నెండు ఉన్నచోట మూడు డాలర్లలోపే మిగులుతుంది. క్లయింట్‌ను నిలబెట్టుకోవడానికి ఓనరు దాదాపు ఊరికే పనిచేయించాడన్నమాట.

ఈ ఓవర్‌టైం వెనుక ఒక కథ ఉంది. 1974లో అమెరికా కాంగ్రెస్ ఇంటి పనివాళ్లకు కనీస వేతన చట్టాన్ని వర్తింపజేస్తూ, వృద్ధులకు తోడుగా ఉండేవాళ్లను మాత్రం వదిలేసింది. పక్కింటి అమ్మాయి సాయంత్రం వచ్చి కాసేపు కూర్చునే పని అని అప్పటి ఊహ. ఆ మినహాయింపును కంపెనీలూ వాడుకున్నాయి. న్యూయార్క్‌లో ఎవెలిన్ కోక్ అనే జమైకా వలస మహిళ ఏళ్ల తరబడి ఓవర్‌టైం లేకుండా ఈ పని చేసి, కోర్టుకెక్కి, 2007లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. 2013లో కార్మిక శాఖ నిబంధన మార్చింది. వ్యాజ్యాలు దాటుకుని 2015లో అది అమల్లోకి వచ్చింది: ఏజెన్సీ పంపే మనిషికి ఓవర్‌టైం ఇవ్వాలి. కోక్ అప్పటికే చనిపోయింది. 2025 జులైలో అదే శాఖ ఆ నిబంధనను వెనక్కి తీసుకుంటామని ప్రతిపాదించింది. అది ఎటు తేలినా కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలకు సొంత ఓవర్‌టైం చట్టాలున్నాయి. పైగా ఓవర్‌టైం ఎగ్గొట్టి మనుషుల్ని నిలుపుకోగలమనుకునే ఓనరు లెక్క నాకైతే మింగుడుపడదు. కార్మిక శాఖ లెక్కల్లో 2024లో ఈ పనివాళ్ల మధ్యస్థ వేతనం గంటకు 17 డాలర్లలోపే. గోదాములో పెట్టెలు సర్దినా అంతో అంతకంటే ఎక్కువో వస్తుంది, అక్కడ ఎవరి కోపతాపాలూ భరించనక్కర్లేదు. ఈ రంగంలో వంద మంది పనిచేసేచోట ఏడాది తిరిగేలోగా డెబ్బై ఎనభై మంది మారిపోవడం పరిశ్రమ సర్వేల్లో తరచూ కనిపించే మాటే.

అందుకే ఈ వ్యాపారంలో ఓనరు రోజు మార్కెటింగ్‌తో మొదలవదు. తెల్లవారుజామున అయిదింటికి "నా కారు స్టార్ట్ అవడం లేదు" అన్న మెసేజ్‌తో మొదలవుతుంది. ఏడింటికి ఒక పెద్దాయన్ని మంచం మీంచి లేపాలి. ఆయన కూతురు ఇంకో రాష్ట్రంలో ఉంటుంది, ఎనిమిదికి ఫోన్ చేస్తుంది. ఖాళీగా ఉన్న మనిషి దొరక్కపోతే ఓనరే వెళ్లాలి. మొదటి రెండేళ్లలో డైపర్ మార్చని ఓనర్లు తక్కువ. దానికి సిద్ధపడనివాళ్లు ముందే ఆగిపోవడం మేలు. నిలదొక్కుకున్న ఓనర్లు చేసేవి పెద్ద వ్యూహాలేమీ కావు: జీతం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరు, కేర్‌గివర్ ఇంటికి పదిహేను నిమిషాల దూరంలోనే షిఫ్టు చూస్తారు, రెండేసి గంటల ముక్క షిఫ్టులు ఒప్పుకోరు, ఆమెను తూలనాడిన క్లయింట్‌ను వదులుకుంటారు. ఆ చివరిదానికి ఫ్రాంచైజీ కంపెనీ సంతోషించదు. దాని రాయల్టీ వసూళ్ల మీద కదా.

డబ్బు తిరిగే వేగం ఇంకో చిక్కు. కేర్‌గివర్లకు వారానికో రెండు వారాలకో జీతం ఇవ్వాలి. బీమా కంపెనీ, మెడికెయిడ్ నుంచి చెల్లింపు రావడానికి నెలో రెండు నెలలో పట్టవచ్చు. అంటే వ్యాపారం పెరిగేకొద్దీ జేబులోంచి ముందు పెట్టేది కూడా పెరుగుతుంది. నష్టాల్లో కాక, పెరుగుతూ ఉండగానే నగదు కరువై మూతపడే అవకాశం ఇందులో ఉంది.

తెలుగువాళ్లకు ప్రత్యేకమైన కొన్ని అడ్డంకులున్నాయి. డాలస్ శివార్లలో, న్యూజెర్సీలో ఐటీ ఉద్యోగం చేసుకుంటూ దీన్ని పక్క ఆదాయంగా చూసేవాళ్లు ముందు వీసా చూసుకోవాలి. హెచ్-1బి మీదున్నవారు కంపెనీలో వాటా కొనవచ్చు, అందులో పనిచేయకూడదు. షెడ్యూల్ సర్దడం, మనిషిని ఇంటర్వ్యూ చేయడం పనే. పెట్టుబడిదార్లకిచ్చే ఇ-2 వీసాకు అవసరమైన ఒప్పందం భారత్‌కు లేదు. గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉన్నవారు, హెచ్-4 మీద ఉండి ఈఏడీ అనే పని అనుమతి పొందిన జీవిత భాగస్వామి నడపవచ్చు. తెలుగు మాట్లాడే, పప్పుచారు చేయగలిగే కేర్‌గివర్ కావాలని మన పెద్దవాళ్లున్న ఇళ్లలో అడుగుతారు, నిజమే. పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగారినో, ఈఏడీ లేని స్నేహితురాలినో నగదు ఇచ్చి పంపడానికి మాత్రం లేదు. ప్రతి ఉద్యోగికీ పని అర్హతను రుజువు చేసే ఐ-9 ఫారం ఉండాలి, దానికి జవాబుదారీ ఓనరే తప్ప బ్రాండు కాదు. లైసెన్సు కూడా రాష్ట్రాన్నిబట్టి మారుతుంది: టెక్సస్‌లో ఆరోగ్య, మానవ సేవల కమిషన్ దగ్గర తీసుకోవాలి, కాలిఫోర్నియాలో 2016 నుంచి ఏజెన్సీకి లైసెన్సు, కేర్‌గివర్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లైసెన్సు చేతికొచ్చేదాకా నెలలు గడవవచ్చు, ఈలోగా అద్దె నడుస్తూనే ఉంటుంది.

హైదరాబాద్‌లో ఇదే పని పెడదామనుకునేవాళ్లకు ఒక్క తేడా చెప్పాలి. అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మేవాళ్లు సంతకానికి కనీసం 14 రోజుల ముందు ఎఫ్‌డీడీ అనే వివరాల వెల్లడి పత్రం ఇవ్వాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. కంపెనీ చూపించిన అంకెలకు ఒప్పందంలో రాసుకున్నదే ఆధారం.

ఆ ఎఫ్‌డీడీలో 23 అంశాలుంటాయి. మూడింటి దగ్గర ఆగి చదవాలి. ఏడోది పెట్టుబడి అంచనా. అందులో చేతిలో ఉంచుకోవలసిన అదనపు సొమ్మును సాధారణంగా మొదటి మూడు నెలలకే లెక్కవేస్తారు. 600 గంటలకు చేరడానికి ఏడాదికి పైగా పట్టే వ్యాపారానికి మూడు నెలల ఖర్చు ఏ మూలకు? పందొమ్మిదోది ఆదాయ వివరాలు. అది ఇవ్వడం కంపెనీ ఇష్టం. ఇచ్చినా చాలాసార్లు వసూళ్లే ఉంటాయి, ఓనరుకు మిగిలింది ఉండదు. సగటు అంకె కనిపిస్తే అందులో ఎన్నేళ్ల పాత ఆఫీసులున్నాయో చూడాలి. ఇరవయ్యోది ఇప్పుడు నడుపుతున్న ఓనర్ల జాబితా, కిందటి ఏడాది వదిలేసి వెళ్లినవాళ్ల జాబితా. ఫోన్ నంబర్లతో సహా ఉంటుంది. కంపెనీ తనంతట తాను పరిచయం చేసే ఓనర్లు బాగా నడుస్తున్నవాళ్లే అయి ఉంటారు. ముందు రెండో జాబితాకు చేయండి. కొందరు మాట్లాడకూడదన్న ఒప్పందం మీద బయటికొచ్చి ఉంటారు, అలాంటి ఒప్పందాలున్నాయని కూడా ఆ అంశంలోనే కంపెనీ చెప్పాలి. మాట్లాడేవాళ్లను లాభమెంత అని అడిగితే సరైన జవాబు రాకపోవచ్చు. వారానికి ఎన్ని గంటలు నడిచినప్పుడు మొదటిసారి జీతం తీసుకున్నారు, అప్పటికి ఎన్ని నెలలైంది, కిందటేడు ఎంతమంది కేర్‌గివర్లను చేర్చుకుంటే ఎంతమంది మిగిలారు, ఆదివారం రాత్రి ఫోన్ ఎవరి దగ్గర ఉండేది అని అడగండి.