సహజ నదీతీరం - క్షేత్ర పరిశీలన: పాచిపెంట కొండలు, వేగావతి

ఈ భాగం చదివిన తరువాత మీరు నదీతీర ఆవాసం చేసే పనిని వివరించగలరు. దాని రక్షణకు ఆధారమైన చట్టాలను గుర్తించగలరు. ఏటి ఒడ్డును హాని కలగకుండా పరిశీలించగలరు.

1. పరిచయం

పార్వతీపురం మన్యం జిల్లాలోని పాచిపెంట కొండలలో వేగావతి పుడుతుంది. మైదానంలోకి దిగి, సంగం గ్రామం వద్ద సువర్ణముఖి, నాగావళి నదులతో కలుస్తుంది. కొండల్లోని చిన్న ప్రవాహాలను ఉత్తరాంధ్రలో గెడ్డలు అంటారు. మెట్లు, బల్లలు, దీపాలు లేని గెడ్డ ఒడ్డును చూసి "ఇక్కడ అభివృద్ధి ఏమీ లేదు" అనుకోవడం సహజం. కాని జీవశాస్త్ర దృష్టిలో అది ఖాళీ స్థలం కాదు.

2. ఒడ్డు చేసే పని

ఏరుమద్ది, నేరేడు, కానుగ వంటి చెట్ల నీడ నీటిని చల్లగా ఉంచుతుంది. మంచినీటిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మాత్రమే. అంటే చెట్లు కొట్టేసిన చోట వేసవిలో చేపకు ఊపిరి తగ్గుతుంది. రాలిన ఆకులు నీటి పురుగులకు, ఆ పురుగులు చేపలకు ఆహారం. వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. అవి పోతే వానకు జారిన మట్టి గులకరాళ్ల సందులను పూడ్చివేస్తుంది. అక్కడ గుడ్లు పెట్టే చేపలకు చోటు ఉండదు. కొర్రమీను నీటిమొక్కల మధ్య గూడు చేసి పిల్లలను కాపలా కాస్తుంది. లకుముకి పిట్ట నిటారైన మట్టిగట్టులో బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది. ఆ గట్టుకు సిమెంటు పూస్తే మనకు నడక సుఖం, పిట్టకు ఇల్లు కరువు.

3. రక్షణ ఎవరి చేతిలో?

గోదావరి తీరంలోని పాపికొండలు 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానంగా ప్రకటితమయ్యాయి. వేగావతి పుట్టినచోటుకు ఆ హోదా లేదు. అంతమాత్రాన రక్షణ లేనట్లు కాదు. నీటిలో విషం కలిపి, పేలుడు పదార్థాలు వాడి చేపలు పట్టడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించింది. 2006 అటవీ హక్కుల చట్టం 3వ సెక్షన్ నీటి వనరులలోని చేపలపై అడవిని నమ్ముకున్నవారి సామూహిక హక్కును గుర్తించింది. 5వ సెక్షన్ నీటి వనరులను కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. చేపను తినే హక్కు, ఏటిని కాపాడే అధికారం ఒకే చట్టంలో ఉండటం గమనించండి. ఇక్కడి కొండదొర, జాతాపు కుటుంబాలను దూరం పెట్టి ఏటిని కాపాడలేం.

4. పరిశీలన విధానం

వానలు తగ్గాక, శీతాకాలపు ఉదయం వెళ్లండి; వర్షాకాలంలో గెడ్డ హఠాత్తుగా పొంగుతుంది. ముందుగా ఊరి పెద్దలకు చెప్పి, వారి అనుమతితో నలుగురైదుగురు మాత్రమే వెళ్లండి. ఒకేచోట అరగంట కదలకుండా కూర్చోండి. నీడ, నీటి రంగు, అడుగున రాయా బురదా, కనిపించిన చేపలు, పక్షులు, మనుషుల పనులు నమోదు చేయండి. ఎత్తి చూసిన రాయిని తిరిగి అలాగే పెట్టండి. సబ్బు, ప్లాస్టిక్ వెంట తీసుకుపోకండి.

5. మీ ప్రగతిని పరీక్షించుకోండి

కార్తీక వనభోజనాల కోసం గెడ్డ ఒడ్డున చెట్లు కొట్టి సిమెంటు మెట్లు కట్టాలని ఒక పంచాయతీ తలచిందనుకోండి. నీళ్లకు దిగే స్త్రీలకు జారని మెట్లు కావలసిందే; చేపకు నీడా కావలసిందే. మెట్లు ఎక్కడ, ఎంత మేర ఉంటే రెండూ నిలుస్తాయి? గ్రామసభలో మీరు చెప్పదలచిన మాటను పది వాక్యాలలో రాయండి.