నిద్ర గోలీని మెల్లగా దించాలి

రోజూ రాత్రి నిద్ర గోలీ వేసుకునేవాళ్లు మన పల్లెల్లో ఎవరెవరో మందులిచ్చే కౌంటరు దగ్గర నిలబడ్డవాడికి తెలుస్తుంది. నేను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. ఉండేది వరంగల్-ఖమ్మం రోడ్డు మీద, తొర్రూరు దాటాక వచ్చే దంతాలపల్లిలో. బీపీకో షుగర్‌కో మందులు తీసుకోవడానికి వచ్చిన పెద్దవాళ్లు కొంగుముడి విప్పి, మడతల దగ్గర చిరిగిన పాత చీటీ చూపించి, "సారూ, గీ సన్న గోలీ గూడ ఇయ్యరాదు, అది లేకుంటే కన్ను మూతవడదు" అనేవాళ్లు. చీటీ మీద తేదీ ఏళ్ల కిందటిది. భర్త పోయిన దుఃఖంలోనో, పత్తి దెబ్బతిని అప్పులవాళ్లు గడపలో కూర్చున్న నెలలోనో పది రోజులకని రాసిన మందు అది. ఆపమని ఎవరూ చెప్పలేదు, ఎట్లా ఆపాలో అసలే చెప్పలేదు.

ఆ సన్న గోలీ చాలాసార్లు ఆల్ప్రజోలాం. డయజెపాం, క్లోనజెపాం, లోరజెపాం అదే జాతివి. ఈ జాతిలో మొదటి మందు లిబ్రియం 1960లో వచ్చింది. 1963లో డయజెపాం వచ్చింది. మన దగ్గర దాన్ని కాంపోజ్ అంటేనే పాతవాళ్లకు తెలుస్తుంది. అంతకు ముందు వాడిన నిద్రమందులు మోతాదు కాస్త మించితే ప్రాణం తీసేవి కాబట్టి, ఇవి రాగానే డాక్టర్లు ధైర్యంగా రాశారు. ఆ ధైర్యం ఎక్కువైందని తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది. రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడొద్దని బ్రిటన్ మందుల భద్రతా కమిటీ 1988లో డాక్టర్లకు చెప్పింది. మన దేశంలో 2014 మార్చి 1 నుంచి వీటిలో ఆల్ప్రజోలాం, డయజెపాం షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితాలో ఉన్నాయి. అమ్మిన షాపు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చిందీ ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. మంచి నిబంధనే. అయితే అది కొత్తగా అలవాటు పడేవాళ్లను కొంత ఆపగలదు గానీ, ఏళ్ల తరబడి అలవాటు పడ్డవాళ్లను బయటికి తీసుకురాలేదు.

మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది. నరాల హడావిడిని అణచడం దాని పని. ఈ గోలీలు దాని బలాన్ని పెంచుతాయి. వారాలు, నెలలు అట్లా గడిస్తే మెదడు ఆ సాయానికి తగ్గట్టు తనను మార్చుకుంటుంది, తన సొంత అణచివేతను తగ్గించుకుంటుంది. ఒక్కసారిగా గోలీ ఆపితే మెదడు పట్టించుకునేవాడు లేని ఇల్లవుతుంది: నిద్ర పూర్తిగా పోతుంది, చెమటలు, గుండెదడ, చేతుల వణుకు, చెప్పలేనంత భయం. కొందరికి ఫిట్స్ వస్తాయి, కొందరు లేనివి ఉన్నట్టు చూస్తారు. రెండు రాత్రులు ఇట్లా గడిపిన మనిషి "నా పాత రోగం మళ్లొచ్చింది" అనుకుని గోలీ వేసుకుంటాడు. వచ్చింది పాత రోగం కాదు, గోలీ ఆపడం వల్ల వచ్చిన బాధ. ఇంట్లోవాళ్లకు ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో తెలంగాణ 2015 సెప్టెంబరులో చూసింది. కొన్ని జిల్లాల్లో కల్లులో ఆల్ప్రజోలాం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపేవాళ్లు. ఎక్సైజ్ శాఖ దాడులు చేసి ఆ కల్లును కట్టడి చేసింది. చేయాల్సిన పనే. కానీ తాగేవాళ్లకు తాము కల్లుకు కాదు, అందులోని మత్తుమందుకు బానిసలమైనట్టు తెలియదు. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల మంది వణుకుతూ, ఫిట్స్‌తో, మతి తప్పి మాట్లాడుతూ ఆస్పత్రులకు వచ్చారు. కొందరు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్లు. కట్టడి చేసే రోజుకు ముందే ఆరోగ్య కేంద్రాల్లో వైద్యం సిద్ధం చేసి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవని నేను గట్టిగా నమ్ముతాను.

మా దగ్గర గీత వృత్తి చేసిన ఒక పెద్దాయన నిద్ర గోలీ మానుకుంటున్న రోజుల్లో నాతో అన్నాడు: "తాడు ఎక్కినోడు దునికి దిగుతడా సారూ? మోకు సదురుకుంట సదురుకుంట దిగుతడు." వైద్యం చెప్పేదీ అదే. డాక్టరు ముందు మోతాదు ఎంతో లెక్కగడతాడు. ఆల్ప్రజోలాం ప్రభావం త్వరగా దిగిపోతుంది కాబట్టి, కొందరికి దాన్ని ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డయజెపాంలోకి మారుస్తాడు. తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకోసారి అప్పటి మోతాదులో 5 నుంచి 10 శాతం తగ్గిస్తాడు. చివరి మెట్లు అన్నిటికంటే కష్టం, అక్కడ ఇంకా నెమ్మదిగా దిగాలి. ఒక మెట్టు దగ్గర బాధ ఎక్కువైతే అక్కడే ఆగొచ్చు. నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో హెదర్ ఆష్టన్ అనే డాక్టరు 1982 నుంచి 1994 దాకా ఇందుకోసమే ఒక క్లినిక్ నడిపారు. దిగే వేగాన్ని రోగితో మాట్లాడి నిర్ణయించాలన్నది ఆమె పట్టుబట్టి చెప్పిన విషయం.

అందుకే ఇది ఊరి పక్కన జరగాల్సిన వైద్యం అంటున్నాను. ఇక్కడి నుంచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి పోయి రావడమంటే ఒక కూలీ పోయినట్టు, తోడొచ్చిన కొడుకుది ఇంకో కూలీ. రెండు వారాలకోసారి ఏడాదిపాటు ఎవరు తిరుగుతారు? బీపీ గోలీల కోసం నెలనెలా వచ్చే ఆరోగ్య కేంద్రంలోనే, అదే పుస్తకంలో ఇంకో గీత గీసి మోతాదు రాయొచ్చు. వారానికి సరిపడా గోలీలే పొట్లం కట్టి ఇవ్వొచ్చు. ఏఎన్ఎం ఇంటికి పోయినప్పుడు "నిద్ర ఎట్లుంది పెద్దమ్మా, తూలుతున్నవా?" అని అడగొచ్చు. ఈ గోలీలతో ముసలివాళ్లు రాత్రి లేచి తూలి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది, మరుపు పెరుగుతుంది. దాన్ని అందరూ వయసు మీద వేసి ఊరుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఫార్మసిస్టుగా నాకు ఎంతో ఇష్టమైన అధ్యయనం ఒకటుంది. కెనడాలోని క్యూబెక్‌లో, ఏళ్లుగా ఈ గోలీలు వాడుతున్న పెద్దవాళ్లకు వాటి ప్రమాదాలు, మెట్లుమెట్లుగా తగ్గించే పట్టిక ఉన్న చిన్న పుస్తకం పంపారు. ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. ఆరు నెలల్లో పుస్తకం అందినవాళ్లలో 27 శాతం మంది పూర్తిగా మానేశారు. అందనివాళ్లలో 5 శాతమే. అటువంటి పుస్తకం తెలుగులో పెద్ద అక్షరాలతో, బొమ్మలతో ప్రతి ఆరోగ్య కేంద్రంలో, ప్రతి మెడికల్ షాపులో ఉండాలి. చదవరాని వాళ్లకు ఆశా కార్యకర్త చదివి చెప్పాలి.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996 నుంచి ఉంది. మా జిల్లా కేంద్రం మహబూబాబాద్‌కు 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఊరి డాక్టరు మోతాదు దించుతుంటే, చిక్కు వచ్చినప్పుడు జిల్లాలోని మానసిక వైద్యుడు ఫోనులో అందుబాటులో ఉండాలి. ఇందుకు కొత్త భవనాలేమీ అక్కర్లేదు.

ఇది చదివి ఇంట్లో ఎవరి చేతిలోంచీ గోలీ లాక్కోకండి. డాక్టరును కలిసేదాకా వేసుకునేది వేసుకోనివ్వండి, పెంచనివ్వకండి, మందు మీద మద్యమో కల్లో తాగనివ్వకండి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లు, గర్భిణులు, రోజూ తాగే అలవాటున్నవాళ్లు ఆస్పత్రి డాక్టరు కనిపెట్టి చూస్తుండగానే తగ్గించుకోవాలి. రాత్రి ఏ వేళప్పుడు భయమేసినా 14416కు ఫోన్ చేయొచ్చు. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.