లైనక్స్ అప్‌డేట్లు: ఏవి ఉచితం, దేనికి డబ్బు?

లైనక్స్ ఉచితమే కదా, మరి అప్‌డేట్లకు డబ్బులేమిటి? ఉబుంటులో 'ఆప్ట్ అప్‌గ్రేడ్' కొట్టగానే 'ఉబుంటు ప్రో' ప్రస్తావన కనబడితే చాలామందికి వచ్చే అనుమానమిది. లెక్కలు ఒక్కొక్కటిగా చూద్దాం.

5 ఏళ్లు, 10 ఏళ్లు

కానానికల్ సంస్థ రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు ఉండే వెర్షన్) విడుదల చేస్తుంది. దానికి 5 ఏళ్లు భద్రతా అప్‌డేట్లు అందరికీ ఉచితం. 2020లో వచ్చిన 20.04కు ఆ గడువు 2025 మేలో ముగిసింది. కానానికల్ సబ్‌స్క్రిప్షన్ అయిన ప్రో ఉన్నవారికి 10 ఏళ్లు, అంటే 2030 వరకు వస్తాయి.

ఈ అదనపు ఏళ్లలో పని చాలా ఉంటుంది. ఒక ప్రోగ్రాములో లోపం బయటపడితే దాన్ని రాసినవాళ్లు సాధారణంగా కొత్త వెర్షన్‌లో సరిచేస్తారు. ఆ సవరణను పాత వెర్షన్‌కు సరిపడేలా మార్చి, పరీక్షించి పంపాలంటే జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకోవాలి. డబ్బు అడిగేది ఈ శ్రమకే. లైనక్స్ కెర్నల్‌కు వర్తించే జీపీఎల్ లైసెన్సు కూడా డబ్బు తీసుకోవడాన్ని నిషేధించదు.

2,300, 23,000

ఉబుంటు 'మెయిన్' విభాగంలో సుమారు 2,300 ప్యాకేజీలున్నాయి. మొదటి 5 ఏళ్లూ వాటి బాధ్యత కానానికల్‌దే. 'యూనివర్స్'లో 23 వేలకు పైగా ఉన్నాయి. ప్రో లేకపోతే వాటిని స్వచ్ఛంద కార్యకర్తలు వీలైనంత మేరకే చూసుకుంటారు. చాలామంది సినిమాలు చూసే వీఎల్‌సీ ఈ యూనివర్స్‌లోదే. ప్రో తీసుకుంటే వీటికీ కానానికల్ భద్రతా అప్‌డేట్లు అందుతాయి. మీ కంప్యూటర్లో ఏ విభాగంవి ఎన్ని ఉన్నాయో టెర్మినల్‌లో 'ప్రో సెక్యూరిటీ-స్టేటస్' కొడితే తెలుస్తుంది.

5 కంప్యూటర్లు, 500 డాలర్లు

వ్యక్తిగత వాడకానికి 5 కంప్యూటర్ల వరకు ప్రో ఉచితం. ఖాతా తెరిచి, అక్కడిచ్చే టోకెన్‌ను 'సుడో ప్రో అటాచ్' పక్కన పేస్ట్ చేస్తే చాలు. ప్రో పూర్తిస్థాయిలో మొదలైన 2023 జనవరిలో కంపెనీలకు ప్రకటించిన ధర వర్క్‌స్టేషన్‌కు ఏడాదికి 25 డాలర్లు, సర్వర్‌కు 500 డాలర్ల నుంచి.

మరో లైనక్స్ సంస్థ రెడ్‌హ్యాట్ కూడా 2021 నుంచి ఉచిత డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ కింద 16 సిస్టమ్‌ల వరకు అనుమతిస్తోంది. ఇంకో లైనక్స్ అయిన డెబియన్‌లో మొత్తం 5 ఏళ్ల అప్‌డేట్లు అందరికీ ఉచితం. ఆపైన కావాలంటే 10 ఏళ్ల దాకా ఫ్రెక్సియన్ సంస్థ అందిస్తుంది. ఆ ఖర్చు దాని ఖాతాదారులు భరిస్తారు.

సర్వర్లు నడిపి సంపాదించేవారు డబ్బు కట్టడం, ఇంట్లో వాడుకునేవారు ఉచితంగా పొందడం న్యాయమైన ఏర్పాటే. ప్రమాదమల్లా గడువు దాటిన వెర్షన్‌ను పట్టించుకోకుండా వాడుతూ ఉండటంలో ఉంది. మీ దగ్గర ఇంకా 20.04 ఉంటే ఈ వారమే ప్రోకు జోడించండి, లేదా 22.04కు, అక్కడినుంచి 24.04కు మారండి. ఇంటి కంప్యూటరుకు ఈ రెండు దారుల్లో దేనికీ పైసా ఖర్చు లేదు.