‘శిక్షపై ఏమైనా చెప్పుకుంటావా?’
జడ్జి అడిగే ఆ ఒక్క మాట అర్థం కాకుంటే నష్టమే
సరిహద్దు తెలుగువారికి భాషే పెద్ద అడ్డంకి

బళ్లారి కావచ్చు, హోసూరు కావచ్చు, బరంపురం కావచ్చు. కోర్టు హాల్లో తంతు ఒక్కటే. నేరం రుజువైందని జడ్జి ప్రకటిస్తారు. బోనులో నిలబడ్డ మనిషికి కాళ్ల కింద భూమి కదిలినట్లవుతుంది. అంతలోనే మరో ప్రశ్న... ‘శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటావా?’

ఆ ప్రశ్న కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో వస్తుంది. ఇంట్లో తెలుగు, బజారులో స్థానిక భాషతో నెట్టుకొచ్చేవారికి కోర్టు భాష కొరుకుడు పడదు. ‘ఏమీ లేదు సార్’ అని తల దించుకుంటారు. అంతా అయిపోయిందనుకుంటారు. నిజానికి శిక్ష ఎంతన్నది తేలేది ఆ తర్వాతే.

రెండు మెట్లు
నేరం చేశాడా లేదా అన్నది మొదటి మెట్టు. చేస్తే ఎంత శిక్ష వేయాలన్నది రెండో మెట్టు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఈ రెండింటినీ విడదీసింది. దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా సెషన్స్, వారెంటు కేసుల్లో అదే పద్ధతి ఉంచింది.

పంజాబ్‌లో సంతాసింగ్ అనే ముద్దాయికి శిక్షపై అతని మాట వినకుండానే సెషన్స్ జడ్జి ఉరిశిక్ష వేశారు. 1976లో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. అతను చెప్పేది విని మళ్లీ తేల్చమని కేసును వెనక్కి పంపింది. 1981లో తమిళనాడుకు చెందిన మునియప్పన్ కేసులో ఇంకాస్త గట్టిగా చెప్పింది. మాటవరసకు అడిగి, ‘ఏమీ లేదు’ అన్న జవాబు రాసుకుంటే చాలదంది. వివరాలు రాబట్టేందుకు జడ్జి నిజంగా ప్రయత్నించాలంది.

తూకం ఇలా...
చాలా నేరాలకు చట్టం గరిష్ఠ శిక్షే చెబుతుంది. ఆ లోపు ఎంతన్నది జడ్జి విచక్షణ. పోక్సో వంటి చట్టాల్లో కనీస శిక్ష కూడా ఉంటుంది. అంతకన్నా తగ్గించడానికి జడ్జికి వీల్లేదు. నేరం తీరు, బాధితుడికి జరిగిన నష్టం, పాత కేసులు ఒక పక్క. వయసు, మొదటి తప్పా కాదా, ఇంటి పరిస్థితి, ఆరోగ్యం, మారే అవకాశం మరో పక్క. ఈ రెండింటినీ తూచి శిక్ష ఖరారు చేస్తారు.

తూచే చేయి మారితే శిక్షా మారుతుంది. అందుకే మార్గదర్శకాలు కావాలని జస్టిస్ మళీమఠ్ కమిటీ 2003లోనే సూచించింది. ఆయన కర్ణాటక హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి. దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు మాత్రం ఇప్పటికీ లేవు. కాబట్టే ముద్దాయి చెప్పుకునే మాటకు అంత విలువ.

జైలొక్కటే దారి కాదు
మరణశిక్ష, యావజ్జీవం పడే నేరం కాకపోతే 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద సత్ప్రవర్తన బాండు రాయించుకుని వదిలిపెట్టే వీలుంది. ఇరవై ఒక్క ఏళ్ల లోపు వారైతే జైలుకు ఎందుకు పంపుతున్నారో జడ్జి కారణం రాయాలి. కొత్త చట్టంలో సమాజ సేవ కూడా ఒక శిక్షే. రూ.5 వేల లోపు దొంగతనంలో మొదటిసారి పట్టుబడి, సొమ్ము తిరిగిచ్చేస్తే ఆ శిక్షే వేస్తారు. జైలుశిక్ష పడినా, విచారణ సమయంలో జైల్లో గడిపిన రోజులను అందులోంచి తీసేస్తారు.

మన భాషలో అడగొచ్చు
సాక్ష్యం ముద్దాయికి తెలియని భాషలో ఉంటే, తెలిసిన భాషలో అక్కడికక్కడే చెప్పించాలని చట్టంలో ఉంది. జైలుశిక్ష పడితే తీర్పు ప్రతిని వెంటనే ఉచితంగా ఇవ్వాలి. దరఖాస్తు చేసుకుంటే, వీలున్నంతవరకు సొంత భాషలో అనువాదం ఇవ్వాలి. అప్పీలుకు గడువుంది. మేజిస్ట్రేటు తీర్పుపై సెషన్స్ కోర్టుకు 30 రోజులు. సెషన్స్ తీర్పుపై హైకోర్టుకు 60 రోజులు. ఉరిశిక్ష అయితే 30 రోజులే.

వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగాలి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసినా సరిపోతుంది.

తీర్పు రోజు దాకా ఆగకుండా ఇంట్లోవాళ్లు ముందే కొంత సిద్ధం చేసుకోవాలి. వయసు ధ్రువపత్రం, ఆసుపత్రి చీటీలు, రేషన్ కార్డు, పిల్లల బడి కాగితాలు వకీలు చేతికివ్వాలి. ముసలి తల్లిదండ్రులు ఎవరి మీద ఆధారపడి ఉన్నారో చెప్పాలి. అవేవీ నేరాన్ని చెరిపేయవు. శిక్షను తూచే తక్కెడలో మాత్రం పడతాయి.

ఆ రోజు జడ్జి అడిగితే ‘ఏమీ లేదు సార్’ అనొద్దు. ‘చెప్పుకుంటాను సార్, తెలుగులో చెప్పుకుంటాను’ అనాలి.