తెఱచిన వాకిలి, సాగెడి వర్తకము

వర్తకుడు సరకును భద్రముగా దాచును. మూల్యము చెల్లించినవానికే యిచ్చును. ఇది లోకమున పరిపాటి. సరకును, దానిని తయారుచేయు మర్మమును సైతము ఎల్లరకు ఊరక యిచ్చివేసి, ఆ మీదట వ్యాపారము చేసి బ్రదుకవచ్చునా యని యడిగినచో నవ్వువారే యెక్కువ. అయినను అట్టి వ్యాపారము నేడు సాగుచునే యున్నది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ సమీపమున గల డైమండ్ బార్ పట్టణమున పెరిగిన లైఫ్‌రే అను కంపెనీ యందులకు మంచి నిదర్శనము.

ఈ కంపెనీ తయారుచేయు సాధనమును పోర్టల్ అందురు. పోర్టల్ అనగా వాకిలి. ఒక విశ్వవిద్యాలయమును తలచుకొందము. జీతముల లెక్క యొకచోట, సెలవుల చిట్టా యొకచోట, గ్రంథాలయపు పట్టిక మఱియొకచోట, పరీక్షల మార్కులు వేఱొకచోట నుండును. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రోగ్రాము, ఒక్కొక్క పాస్‌వర్డు. పనిగలవాడు నాలుగు గుమ్మములు తట్టవలెను. పోర్టల్ ఈ గదులన్నిటిని ఒక లోగిలి చుట్టు అమర్చి, అన్నిటికి ఒకే వీధివాకిలి నిలుపును. వచ్చినవాడెవడో వాకిట నొకమారు గుర్తించిన చాలును. విద్యార్థికి అతని మార్కులును, అధ్యాపకునకు ఆయన తరగతి వివరములును ఒకే పుటపై గడులు గడులుగా కానవచ్చును. ఒకరు చూడదగినది మఱియొకరి కంటబడదు. బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు, పెద్ద కర్మాగారములు ఇట్టి వాకిళ్లను నిలుపుకొనుచున్నవి.

పుటలోని ఒక్కొక్క గడికి పోర్ట్‌లెట్ అని పేరు. ఏ వడ్రంగి చేసిన తలుపైనను ఏ ద్వారబంధమునకైనను సరిపోవలెనన్నచో కొలత యొక్కటి యుండవలెను గదా! జావా యను ప్రోగ్రాము భాషను వాడు కంపెనీలును నిపుణులును కూడి 2003లో పోర్ట్‌లెట్లకు అట్టి ఉమ్మడి కొలతను ఏర్పఱచిరి. 2008లో దానిని విస్తరించిరి. లైఫ్‌రే ఈ కొలతను అనుసరించినది. కొలత ఉమ్మడిది కాగా కొనువాడు ఒకే అంగడికి కట్టుబడి యుండనక్కఱలేదు.

ఈ సాధనమునకు 2000లో బీజము వేసినవాడు బ్రయన్ చాన్. లాభాపేక్ష లేని సంస్థలకు పనికివచ్చుటకై ఆయన దీనిని నిర్మింప నారంభించెను. ఆ కాలమున ఇట్టి పోర్టళ్లను పెద్ద కంపెనీలు గొప్ప వెలలకు అమ్ముచుండెను. చిన్న సంస్థలకు అవి అందని ద్రాక్షలు. చాన్ తన ప్రోగ్రాముతోపాటు దాని మూలమును, అనగా సోర్సు కోడును, ఎల్లరకు విడిచిపెట్టెను.

మూలము విడుచుట యననేమి? వైద్యుడు మందుపొట్లము నిచ్చును గాని, అందు ఏ మూలికలు ఎంతెంత పాళ్లలో కలిసినవో చెప్పడు. యోగము తెలియని రోగి మరల ఆ వైద్యుని యింటికే పోవలెను. యంత్రమునకు మాత్రమే యర్థమగు రూపమున అమ్ముడుపోవు ప్రోగ్రాము ఇట్టి పొట్లము. సోర్సు కోడు యోగము. తెలిసినవాడు చదివి, దోషము సవరించి, తన యవసరమునకు మార్చుకొనగలడు. ఈ స్వేచ్ఛ కంప్యూటరు వాడువారి హక్కని చాటి రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ఉద్యమమును ప్రకటించెను. ఓపెన్ సోర్సు అను పేరు 1998లో వ్యాప్తికి వచ్చినది.

సరే, కంపెనీ బ్రదుకుట యెట్లు? సాధనము ఉచితమే, బాధ్యత ఉచితము కాదు. బ్యాంకు పోర్టల్ అర్ధరాత్రి ఆగిపోయినచో పలుకువాడెవడు? దొంగలు చొరబడు కంత యేర్పడినదని తెలిసిన నాడే దానిని పూడ్చువాడెవడు? క్రొత్త రూపము వచ్చినపుడు పాత లెక్కలు చెడకుండ మార్చువాడెవడు? ఈ భారము వహించుటకు లైఫ్‌రే ఏటేట చందా పుచ్చుకొనును, శిక్షణయు నిచ్చును. కాళిదాసు కావ్యములు ఎల్లరివి. అయినను కోలాచలము మల్లినాథసూరి వాటికి రచించిన వ్యాఖ్యల వలన పూజ్యుడయ్యెను. కావ్యమును దాచి గాక, దాని నందఱకు అందించి ఆయన ఆ గౌరవము గడించెను. ఈ వర్తకపు మర్మమును ఇట్టిదే.

అయినను ఇందు ఒక చిక్కు కలదు. లైఫ్‌రే తన సాధనమును రెండు ప్రతులుగా వెలువరించుచు వచ్చినది: ఎల్లరకు ఉచితమగు సముదాయ ప్రతి యొకటి, చందాదారులకు మఱియొకటి. ఏ గుణము ఏ ప్రతిలో నుండవలెనో నిర్ణయించునది కంపెనీయే. 2016లో ఏడవ రూపము వచ్చినపుడు, అనేక కంప్యూటర్లను జతపఱచి ఒక్కటిగా పనిచేయించు శక్తిని ఉచిత ప్రతి నుండి తొలగించిరి. రాకపోకలు హెచ్చుగా గల చోట్ల ఇది లేనిదే గడవదు. ఏండ్ల తరబడి దోషములు చూపి, సవరణలు వ్రాసి తోడ్పడినవారికి ఇది కష్టము గొలిపెను. తరువాత కంపెనీ దానిని మరల చేర్చెను.

తిరిగి చేర్చుట కేవలము దయ యని తలపరాదు. మూలమును ఒకమారు అనుమతిపత్రముతో విడిచిన పిమ్మట, విడిచినదానిని వెనుకకు తీసికొనుట కుదరదు. యజమాని వాకిలి మూయజూచినచో, తెలిసినవారు ఆ మూలముతోనే వేఱొక యిల్లు కట్టుకొనవచ్చును. ఇది వట్టి ఊహ గాదు. 2010లో సన్ కంపెనీని ఒరాకిల్ కొన్న పిమ్మట, ఓపెన్ ఆఫీసు భవిష్యత్తునకు వెఱచిన రచయితలు ఆ యేడే లిబ్రె ఆఫీసు పేరున వేఱు కాపురము పెట్టిరి. నేడు పెక్కు విద్యాలయములలో వాడుకలో నున్నది అదియే. వేఱుపడగల హక్కున్నచోట కలిసియుండుటకు విలువ హెచ్చును. యజమానికి అదుపును ఏర్పడును.

కావున ఉచితమను మాట విని మోసపోనక్కఱలేదు, మురిసిపోనక్కఱలేదు. ఒక పాఠశాలయో కళాశాలయో ప్రోగ్రాము నెన్నుకొనునపుడు వెల యెంత యని యడుగుట సహజము. దానితోపాటు మఱి మూడు ప్రశ్నలు వేయవలెను: మూలము మన చేతికి వచ్చునా? చెడినపుడు బాగుచేయు పూచీ యెవరిది? అమ్మినవాడు రేపు వాకిలి మూసినచో, మన విద్యార్థుల లెక్కలు తీసికొని మనము బయటపడగలమా? విద్యార్థులకు ఇంకొక లాభము కూడ కలదు. పెద్ద పోర్టల్ ఎట్లు కట్టుదురో తెలియగోరు బాలుడు ఎవరి యనుమతికిని కాచుకొనక, దాని మూలమును తెఱచి మొదటి పంక్తి నుండి చదువుకొనవచ్చును.