సడక్ మీది ఊరు, ఫోన్లో దొరకని దుకాణం

నాట్ల కాలంలో బోరు మోటరు కాలిందంటే రైతుకు కునుకు పట్టదు బిడ్డా. మడి ఆరకముందే మోటరు పైకి తీయాలి, వైండింగ్ కట్టించాలి, మళ్లీ దించాలి. ఇదివరకు అలాంటి రైతు బస్టాండు కాడి చాయ్ హోటల్లో నలుగురిని అడిగేవాడు. ఇప్పుడు ఆయన కొడుకు ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని అడుగుతున్నాడు. మన పెద్ద కొడప్‌గల్‌లో నిలబడి అడిగితే ఆ ఫోన్ బాన్సువాడ దుకాణాన్నో నిజామాబాద్ దుకాణాన్నో చూపించిందనుకో, పక్క గల్లీలో ఏళ్ల తరబడి రాగి తీగ చుడుతున్న మేస్త్రీకి ఆ బేరం పోయినట్టే. ఆయన పనిలో లోపమేమీ లేదు. ఆయన ఉన్నాడని ఫోనుకు ఎవరూ చెప్పలేదు. ఎలా చెప్పాలో, చెబితే లోపల ఏం జరుగుతుందో ఇవాళ మాట్లాడుకుందాం.

దగ్గరి దుకాణాలను వెదికిపెట్టే యంత్రం ఆ చాయ్ హోటల్లో కూర్చున్న పెద్దమనిషి లాగే ఆలోచిస్తుంది. ఆయన్ని అడిగితే మనసులో మూడు లెక్కలు వేసుకుంటాడు: ఆ పని చేసేదెవరు, ఇక్కడికి ఎంత దూరం, అతని గురించి జనం ఏమంటారు. గూగుల్ కూడా తన స్థానిక ఫలితాలకు ఈ మూడే ముఖ్యమని బాహాటంగా చెప్పింది: అడిగినదానితో పొంతన, దూరం, పేరు. డబ్బు కట్టి ఈ వరసలో పైకి రావడం కుదరదని కూడా చెప్పింది. ప్రకటనల సంగతి వేరు, వాటికి పైకం తీసుకుంటుంది, వాటి మీద ప్రకటన అని రాస్తుంది. మూడింటిలో దూరం అన్నది మన చిన్న ఊళ్లకు పెద్ద బలం. హైదరాబాద్ కంపెనీ ఎంత డబ్బు గుమ్మరించినా పెద్ద కొడప్‌గల్ రైతుకు దగ్గర కాలేదు. మన మేస్త్రీ ఎప్పుడూ దగ్గరే.

ముందు పొంతన చూద్దాం. 1972లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త కారెన్ స్పార్క్ జోన్స్ ఒక వ్యాసం రాశారు. ఆమె చెప్పింది వింటే ఇంతేనా అనిపిస్తుంది. అన్ని కాగితాల్లోనూ కనబడే మాట ఏ కాగితాన్నీ పట్టివ్వదు, కొన్నింటిలోనే కనబడే మాట పట్టిస్తుంది, కాబట్టి అరుదైన మాటకు బరువు ఎక్కువ ఇవ్వాలి. తర్వాత వచ్చిన వెదుకులాట యంత్రాలు ఈ ఆలోచన మీదే ఎదిగాయి. ఇప్పుడు మన బోర్డులు చూడు. శ్రీ వేంకటేశ్వర, సాయి, బాలాజీ, లక్ష్మి. దేవుడి పేరు పెట్టుకోవడం మన ఆచారం, అది ఉండాల్సిందే. కానీ ఆ పేర్లు రాష్ట్రమంతటా ఉన్నాయి, పక్కన చేర్చే 'ఎలక్ట్రికల్స్' కూడా అంతే. 'సబ్‌మర్సిబుల్ మోటరు వైండింగ్' అన్న మాట మాత్రం ఆ మేస్త్రీని గుంపులోంచి బయటికి తెస్తుంది. అందుకని బోర్డు మీది పేరును ఉన్నదున్నట్టే ఉంచి, చేసే పనులన్నీ గూగుల్‌లో దుకాణం వివరాలు పెట్టుకునే బిజినెస్ ప్రొఫైల్‌లోని సేవల జాబితాలో విడివిడిగా రాయాలి. స్టార్టర్ బాగుచేస్తాడా, పంపు బేరింగులు మారుస్తాడా, పొలానికి వచ్చి మోటరు తీస్తాడా, అన్నీ. ఈ మాటలన్నిటినీ దుకాణం పేరులోనే కుక్కడం నిబంధనలకు విరుద్ధం, వివరాలనే తీసేసే ప్రమాదముంది.

పనుల జాబితాతో పాటు 'కేటగిరీ' అని ఒకటి ఎంచుకోవాలి. ప్రధానమైనది ఒకటి, అదనంగా తొమ్మిది దాకా పెట్టుకోవచ్చు. మన ఊరికి ఇది మరీ అవసరం, ఎందుకో చెప్తాను. సంగారెడ్డి దగ్గర మొదలైన 161వ జాతీయ రహదారి మన మీదుగా మద్నూర్, దెగ్లూర్, నాందేడ్ దాటి అకోలా దాకా పోతుంది. ఒకవైపు మహారాష్ట్ర, ఒకవైపు కర్ణాటక. టైరు పగిలిన లారీ డ్రైవర్ హిందీలో అడుగుతాడు, దెగ్లూర్ వ్యాపారి మరాఠీలో అడుగుతాడు. మన దుకాణం పేరు వాళ్లకు తెలియదు. కేటగిరీలో టైర్ల మరమ్మతు అని ఒకసారి ఎంచుకుంటే, ఎదుటివాడి ఫోన్ ఏ భాషలో ఉందో ఆ భాషలోనే ఆ పని కనబడుతుంది.

ఇక ఊరి పేరు. ఇక్కడ శాస్త్రం ఎంత ఉందో చూడు. ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు కలపాలి, తీయాలి, మార్చాలి అన్నది లెక్కపెట్టే కొలతను 1965లో సోవియట్ గణితవేత్త వ్లదిమీర్ లెవెన్‌స్టైన్ ప్రతిపాదించాడు. ఫోన్లో తప్పు కొడితే యంత్రం దిద్దిపెట్టేది ఇలాంటి కొలతల సాయంతోనే. ఇంగ్లిషు అక్షరాల్లో కొడప్‌గల్ రాసి చూడు, కొడంగల్ రాసి చూడు. తేడా ఒకే ఒక్క అక్షరం, 'పి' ఉన్నచోట 'ఎన్'. వికారాబాద్ జిల్లా కొడంగల్ పేరు పత్రికల్లో రోజూ వస్తుంది, మన పేరు రాదు. దిద్దే యంత్రం పేరున్న ఊరి వైపు మొగ్గే అవకాశం ఎక్కువ. అది చాలదన్నట్టు పిట్లం వైపు చిన్న కొడప్‌గల్ ఒకటుంది. 'పెద్ద' అన్న మాట వదిలేసి రాస్తే యంత్రం ఏ ఊరని అనుకోవాలి?

తెలుగులో రాసినా చిక్కే. కొడప్‌గల్ అన్నప్పుడు 'ప్' కింద 'గ' వత్తుగా దిగకుండా పక్కన నిలబడాలంటే, ఆ రెంటి మధ్య కంటికి కనబడని ఒక అక్షరాన్ని టైపు చేయాలి. యూనికోడ్‌లో దానికి వేరే సంఖ్య ఉంది. ఒకరు అది పెట్టి రాస్తారు, ఒకరు పెట్టరు, ఇంకొకరు 'కొడపగల్' అంటారు, కొందరు 'పెద్ద'ను కలిపేస్తారు. మనకు అన్నీ ఒకటే ఊరు. కంప్యూటర్ లెక్కలో అవి వేర్వేరు అక్షర వరసలు. పెద్ద యంత్రాలు చాలావరకు సర్దుకుంటాయి, చిన్న యాప్‌లు సర్దుకోలేవు. అందుకే ఒక రూపం ఎంచుకుని, బోర్డు మీద, బిల్లు బుక్కు మీద, ఫోన్లో అదే వాడాలి.

చిరునామా సంగతీ ఇలాంటిదే. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడింది, పెద్ద కొడప్‌గల్ మండల కేంద్రమైంది. అంతకుముందు మనది నిజామాబాద్ జిల్లా. ఒకే దుకాణానికి ఒకచోట పాత జిల్లా, ఇంకోచోట కొత్త జిల్లా, మూడోచోట ఇప్పుడు పనిచేయని ఫోన్ నంబరు ఉంటే యంత్రం ఇది ఒక దుకాణమా మూడా అని సందేహిస్తుంది. పేరు, చిరునామా, నంబరు అన్నిచోట్లా ఒక్కలాగే ఉంటే నమ్మకం పెరుగుతుంది. నా దృష్టిలో ఈ పనిలో సగం ఫలితం ఇక్కడే ఉంది.

దూరం కొలవాలంటే నువ్వెక్కడున్నావో ఫోనుకు తెలియాలి కదా. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు గడియారం సమయాన్ని రేడియో అలలతో పంపుతుంటాయి. నడినెత్తి మీదున్న ఉపగ్రహం నుంచి ఆ అల నీ ఫోనుకు చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యంగా చేరిందన్నదాన్ని బట్టి దూరం తేలుతుంది. అలాంటి దూరాలు నాలుగు దొరికితే చాలు, నీ చోటూ తెలుస్తుంది, ఫోన్ గడియారంలోని తప్పూ సవరణ అవుతుంది. ఆ లెక్కలో సెకనులో పదిలక్షో వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్లు తప్పుతుంది. అంత సున్నితమైన పని మన చొక్కా జేబులో జరుగుతోంది, చూశావా!

ఫోన్ ఇంత కచ్చితంగా తన చోటు చెప్పినా, దుకాణం గుర్తును మ్యాపులో ఊరి మధ్యన ఎక్కడో గుచ్చితే ప్రయోజనం లేదు. పల్లెల్లో వీధులకు పేర్లుండవు, హనుమాన్ గుడి ఎదురుగా అంటాం. ఈ చిక్కు కోసమే తపాలా శాఖ 2025 మేలో డిజిపిన్ తెచ్చింది. దాన్ని తయారుచేయడంలో మన సడక్ మొదలయ్యే సంగారెడ్డి పక్కన కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్, ఇస్రోవారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం పాలుపంచుకున్నాయి. దేశాన్నంతా కప్పే ఒక పెద్ద చతురస్రాన్ని 16 గడులు చేశారు, ఒక్కో గడిని మళ్లీ 16 చేశారు, ఇలా పది అంచెలు. పదో అంచెలో గడి సుమారు 4 మీటర్ల వెడల్పు, ఒక చిన్న దుకాణమంత. మొత్తం గడులు దాదాపు లక్షా పది వేల కోట్లు. ప్రతి గడికి పది గుర్తుల సంకేతం ఉంటుంది. గూగుల్ వరసలో ఇది పైకి లేపుతుందని నేను చెప్పను, కానీ కొరియర్ కుర్రాడికి దారి చెప్పడానికి పనికొస్తుంది.

మ్యాపు అనేది ఎక్కడో అమెరికాలో గీసి పంపేదని చాలామంది అనుకుంటారు. తెలుగింటి పేరున్న లలితేశ్ కాట్రగడ్డ, బెంగళూరు గూగుల్ కార్యాలయంలో సహచరులతో కలిసి రూపొందించిన మ్యాప్ మేకర్ 2008లో వచ్చింది. సరైన మ్యాపుల్లేని దేశాల్లో మామూలు జనమే తమ వీధులు, బడులు, ఆసుపత్రులు గీసుకున్నారు. 2017లో దాన్ని మూసి ఆ పనిని గూగుల్ మ్యాప్స్‌లోనే కలిపేశారు. ఊరి మ్యాపు ఊరివాళ్లే దిద్దుకునే అవకాశం ఇప్పటికీ ఉంది.

మూడోది పేరు. పని బాగా చేయించుకున్న రైతు ఫోన్లో రెండు మాటలు రాస్తే అది మేస్త్రీకి సాక్ష్యం. "బాగుంది" అనే కన్నా "ఐదు హెచ్‌పీ మోటరు సాయంత్రానికి కట్టిచ్చిండు" అని రాస్తే తర్వాత చదివేవాడికి మేలు. డబ్బిచ్చి రాయించుకునే పొగడ్తలు మాత్రం వద్దు. ఆన్‌లైన్ అభిప్రాయాల నిజాయితీ కోసం భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణమే తెచ్చింది. ఎవరైనా తిట్టి రాస్తే కోపగించుకోకుండా మర్యాదగా జవాబివ్వాలి, ఆ జవాబును వందమంది చదువుతారు.

ఇంకొక్క జాగ్రత్త. దుకాణం వివరాలు ఎక్కించగానే "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకపోతే మీ దుకాణం తీసేస్తాం" అని ఫోన్లు వస్తాయి. బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోవడం పూర్తిగా ఉచితం. ఓటీపీ అడిగినవాడెవడైనా సరే, ఫోన్ పెట్టేయమని మేస్త్రీకి గట్టిగా చెప్పు.

దసరా సెలవులకు ఊరొచ్చినప్పుడు ఒక్క దుకాణం ఎంచుకో బిడ్డా. కుట్టు మిషను అక్కదైనా సరే, పంక్చర్లు వేసే చిన్నాయనదైనా సరే. వాళ్లను అడిగి, వాళ్ల ఫోన్లోనే, వాళ్ల సొంత ఖాతాతోనే వివరాలు ఎక్కించు. నీ ఖాతాతో ఎక్కిస్తే నువ్వు చదువుకోసం హైదరాబాద్ వెళ్లిపోయాక సమయం మార్చాలన్నా, నంబరు మార్చాలన్నా వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. దుకాణం తెరిచే వేళ, మూసే వేళ సరిగ్గా రాయి, బోర్డు కనబడేలా పగటి వెలుగులో ఫొటో తీసి పెట్టు, యజమాని దగ్గరుండగానే గూగుల్ అడిగే వీడియో ధ్రువీకరణ పూర్తి చేయించు.